బాల్టీలు మోసిన జట్టు

నేను డ్రిల్ మాస్టరుగా చేరిన బడిలో ఆటల పీరియడు గంట కొట్టగానే పిల్లలు రెండు గుంపులుగా చీలిపోయేవాళ్లు. కాన్వాసు బూట్లు ఉన్నవాళ్లు మైదానంలోకి పోయేవాళ్లు, లేనివాళ్లు బాయి దగ్గరికి పోయేవాళ్లు. బూట్లున్నవాళ్ల చేతికి హాకీ కర్ర, లేనివాళ్ల చేతికి బాల్టీ. ఆ బాల్టీల్లో తోడిన నీళ్లు సదర్ ముదర్రిస్ గారి గులాబీ తోటకు చేరేవి. సదర్ ముదర్రిస్ అంటే ఆ రోజుల్లో హెడ్మాస్టరు.

ఇప్పుడు బళ్లలో పనిచేసే కుర్ర పీఈటీలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. బంతులు రాలేదు, నెట్లు చిరిగిపోయాయి, గ్రౌండులో ఎవరో ఇసుక పోశారు అని గోడు వెళ్లబోసుకుంటారు. వాళ్ల గోడు అబద్ధమని నేనెన్నడూ అనను. కాని వాళ్లు టీ తాగి లేచేలోపు ఈ బాల్టీల సంగతి ఎత్తుకుంటాను. కొందరు ఇప్పటికే రెండు మూడుసార్లు విన్నారు, పాపం. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. చదవడం ఇష్టం లేనివాళ్లు పక్కన పెట్టేయొచ్చు, నా ఎదురుగా కూర్చుని తల ఊపే బాధ తప్పుతుంది.

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం నడుస్తోంది, దాని పేరు చెప్పి ఇక్కడ కిరసనాయిలు దొరకడం లేదు. మా బడి ఉన్న ఊరి పేరు రాయను. ఎత్తుమీద నిలబడితే దేవరకొండ ఖిల్లా కనబడేదని చెబితే చాలు. నేల ఎర్రటి మొరం, వాన పడితేనే పంట. బడి అప్పుడే మిడిల్ నుంచి హైస్కూలుగా ఎదిగింది. చదువు ఉర్దూలో, తిట్లు తెలుగులో. నాది హాలియా దిక్కు పల్లె. అప్పటికి అక్కడ కాలువలు లేవు, వరి అన్నం అంటే పండుగ మాట. నేనూ చెప్పుల్లేకుండా చదువుకున్నవాణ్నే కాబట్టి ఆ బాల్టీలు చూస్తే నాకు ఒళ్లు మండేది.

సదర్ సాబ్ పట్నం మనిషి. ఎండైనా వానైనా షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. చెడ్డవాడు కాదు. అంతకు ముందొక ఏడు హాకీ ఆటలో ఒక పిల్లవాడి వట్టికాలి మీద కర్ర పడి వేళ్లు విరిగాయట. ఆ తండ్రి తహసీలు దాకా పోయి ఫిర్యాదు చేశాడట. ఆ తర్వాతే ఈ బూట్ల కట్టుబాటు వచ్చింది. వట్టికాళ్ల పిల్లలను ఊరికే కూర్చోబెడితే అల్లరి చేస్తారని బాల్టీలు ఇచ్చాడు. మా మొరం నేలలో గులాబీలు పూయించడం మాటలు కాదు. ఏటేటా తనిఖీకి వచ్చే పెద్దలందరూ ఆ తోటను మెచ్చుకుని పోయేవాళ్లు. ఆ మెప్పు తప్ప ఆ ఊళ్లో ఆయనకు వేరే సంతోషం ఉన్నట్టు నాకు కనబడలేదు.

చేరిన నెలలోనే నేను ఆయన గదిలోకి పోయి నిలబడ్డాను.

"సాబ్, ఆటల పీరియడ్ల నీళ్లు మోయిస్తే గది డ్రిల్ ఎట్లయితది?" అన్నాను.

"ఎందుకు కాదు మాస్టర్ సాబ్? చేతులు కదుల్తున్నయ్, కాళ్లు కదుల్తున్నయ్, చెమట వస్తున్నది. మీ కితాబ్ల డ్రిల్ అంటే ఇంకేం రాసిండ్రు?"

బయటికి వచ్చి ఆలోచనలో పడ్డాను. వట్టికాళ్లతో ఆడగలిగే ఆట, దానికో పేరున్న ఆట, సర్కారు కాగితం మీద రాస్తే నవ్వకుండా చదవగలిగే ఆట ఒకటి నాకు కావాలి. చెడుగుడు చెప్పి చూశాను. అది పశువులు కాసేవాళ్ల ఆట అని ఆయన కొట్టిపారేశాడు.

ఊరి చివర అమెరికా నుంచి వచ్చిన ఒక పాదిరి నడిపే హాస్టలు ఉండేది. భూమి లేని ఇళ్ల పిల్లలు అక్కడ ఉండి, పెద్ద క్లాసులకు మా బడికి వచ్చేవాళ్లు. అందరూ బాల్టీల గుంపే. ఒక సాయంత్రం ఆ దారిన పోతూ చూస్తే పాదిరి చొక్కా చేతులు మడిచి, గుండ్రటి కర్రతో బంతిని కొడుతున్నాడు. పిల్లలు వట్టికాళ్లతో దాని వెంట పడుతున్నారు. కొట్టినవాడు కర్ర కింద పారేసి, మూల మూలకు పెట్టిన గోనె సంచులను ఒక్కొక్కటే తొక్కుతూ చుట్టూ తిరిగి, బయలుదేరిన బండ దగ్గరికే వస్తున్నాడు. ఆ బండ చేరితే ఒక పరుగు. చేరేలోపు ఎదుటివాళ్లు బంతితో తాకితే ఔట్. ఇది బేస్‌బాల్ అని ఆయన చెప్పాడు.

"దీనికి బూట్లు గావాల్నా?" అని అడిగాను.

ఆ పాదిరిది తెలుగు బైబిలు చదివి నేర్చిన తెలుగు. "అక్కర లేదు మాస్టరు గారూ. మా గ్రామమందు మేము వట్టి పాదములతోనే ఆడితిమి. పరుగెత్తు కాళ్లుండిన చాలును" అన్నాడు.

ఆ మాట విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆయన సెలవు మీద తన దేశానికి పోబోతున్నాడు. పోయేలోపు నాకు ఆట కట్టుబాట్లన్నీ నేర్పి, ఆ కర్రను, బంతిని, చేతికి తొడిగే ఒక తోలు తొడుగును నా చేతిలో పెట్టాడు. నేను మళ్లీ సదర్ సాబ్ గదిలోకి పోయాను.

ఆయన కర్రను తిప్పి తిప్పి చూశాడు. "ఈ ఊళ్లె ఎవలూ ఎరుగని ఆటకు పీరియడ్ ఎట్ల ఇస్త? ముఆయినాకు ముహతమీం సాబ్ వస్తడు. ఆయన ముంగట వేరే బడితోని ఆడి గెలిచి చూపియ్యుండ్రి. గెలిస్తే టైంటేబుల్ల నేనే రాస్త, బాల్టీలు బంద్. ఓడితే మాత్రం ఈ ముచ్చట మళ్ల నా చెవుల పడొద్దు" అన్నాడు. ముహతమీం అంటే ఇప్పటి డీఈఓ వంటివాడు, ముఆయినా అంటే తనిఖీ.

"అప్పటిదాక ఏ యాళ్లకు ఆడాలె సాబ్?"

"అది మీ ఫికర్. పీరియడ్ మాత్రం బాల్టీలదే."

అట్లా తెల్లవారుజాము మా పీరియడ్ అయింది. బడి వెనక సర్కారు జాగాలో రాళ్లు ఏరి, తుమ్మముళ్లు తీసి, నాలుగు మూలలు గీశాం. పిల్లలు పొద్దున పరుగెత్తి, మధ్యాహ్నం నీళ్లు మోసి, సాయంత్రం ఇంటి పనికి పోయేవాళ్లు. ఒక్కడు కూడా మానలేదు. గెలిస్తే బాల్టీలు పోతాయన్న సంగతి నేను దాచలేదు. నా మాటలకన్నా ఆ సంగతే వాళ్లను నిద్ర లేపేదని నా నమ్మకం.

పాదిరి ఇచ్చిన కర్ర మొదటి నెలలోనే విరిగింది. వడ్రంగం చేసే వడ్లాయనను బతిమాలితే తుమ్మకర్రతో ఒకటి చెక్కి ఇచ్చాడు. అది అచ్చంగా రోకలిలాగుంది, బరువూ అంతే. ఉర్దూ చెప్పే మౌల్వీ సాబ్ మమ్మల్ని చూసి "ఏం మాస్టర్ సాబ్, ఇవ్వాళ వడ్లు దంచిండ్రా?" అని అడిగేవాడు. నేను కోపం దిగమింగి, "ఇంక నూకలే ఉన్నయ్ సాబ్, బియ్యం కాలే" అనేవాణ్ని. తర్వాత ఆ కర్రనే మళ్లీ మళ్లీ చెక్కించి మనుషులు ఎత్తగలిగేటట్టు చేశాం.

బంతి సంగతి అంతకన్నా పెద్దది. పాదిరి బంతి కుట్లు ఊడిపోయి లోపలి దారమంతా బయటపడింది. అటువంటిది మళ్లీ కొనాలంటే ఎక్కడ దొరుకుతుందో కూడా నాకు తెలియదు. ఇద్దరు పిల్లలు కలిసి ఆ కొరత తీర్చారు. ఈ ఇద్దరినీ గుర్తు పెట్టుకోండి, నా కథంతా వీళ్లదే.

ఒకడు గొర్రెలు కాసే కురుమల ఇంటివాడు. పొద్దున మా ఆట కాగానే మందను తోలుకుపోయి, వాళ్ల నాయినకు అప్పజెప్పి బడికి వచ్చేవాడు. భుజాన ఎప్పుడూ గొంగడి. వాళ్ల అవ్వ ఇంట్లో ఉన్ని వడికేది. రెండోవాడు హాస్టలు పిల్లవాడు. వాళ్ల బాపు, అంటే తండ్రి, ఊరి బయటి వాడలో చెప్పులు కుట్టేవాడు. అవ్వ రబ్బరు ముక్క మీద ఉన్ని నూలు బిగించి చుట్టి ఇచ్చింది, బాపు దాని మీద మేకతోలు పెట్టి కుట్టి ఇచ్చాడు. ఆ బంతిని రాయికేసి కొట్టినా చెక్కుచెదరలేదు.

దాని మీద మాత్రం ఊళ్లో కొంత గొణుగుడు పుట్టింది. ఆ వాడ నుంచి వచ్చిన తోలు మన పిల్లలు ముట్టుకోవడమేమిటని కొందరు అన్నారు. కురుమ పిల్లవాడి ఇంటికి నేనే పోయాను. అవ్వ గడపలో కూర్చుని నూలు వడుకుతోంది. నేను నాలుగు మాటలు సిద్ధం చేసుకుని పోయాను, ఒక్కటీ అనవలసిన పని పడలేదు.

"నా నూలు లోపటున్నది, వాని తోలు పైనున్నది. గిప్పుడు ఎవలు ఎవలను ముట్టుకున్నట్టు సారూ?" అంది, చెయ్యి ఆపకుండానే. "కాకపోతే ఇంట్లకు వచ్చేటప్పుడు కాళ్లు చేతులు కడుక్కొని రమ్మనుండ్రి. గొర్ల కాడికెళ్లి వచ్చినా గంతే గద."

ఆ మాట ఊళ్లో పాకింది. గొణుగుడు పూర్తిగా ఆగలేదు గాని పిల్లలెవరూ మానలేదు. బూట్లున్న ఇద్దరు పిల్లలు కూడా వచ్చి చేరారు. మైదానంలోకి దిగేముందు బూట్లు విప్పి గోడమీద పెట్టేవాళ్లు. అట్లా చేయమని వాళ్లకు నేను చెప్పలేదు.

తోలు తొడుగు ఒక్కటే ఉంది కాబట్టి దాన్ని హాస్టలు పిల్లవాడికి ఇచ్చాను. వాడు బండ దగ్గర నిలబడి బంతి పట్టేవాడు. పరుగు కోసం వచ్చేవాణ్ని ఆఖరి అడుగులో ఆపవలసింది వాడే. కురుమ పిల్లవాణ్ని మూడో సంచి వెనక దూరంగా నిలబెట్టాను. వాడంత దూరం విసిరేవాడు ఆ చుట్టుపక్కల లేడు, వాడంత వేగంగా బంతిని అందుకునేవాడూ లేడు. కాని వాడితో ఒక చిక్కు వచ్చిపడింది.

ఎదుటివాడు బండ వైపు పరుగెత్తుతుంటే బంతిని బండ దగ్గర నిలబడ్డవాడికి వేయాలి. ఇది ఎవరికైనా తెలిసేదే. మావాడు మాత్రం పరుగెత్తేవాడి కాళ్ల ముందు, సరిగ్గా గజం దూరంలో నేలకు కొట్టేవాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. బంతి నేలను తాకి ఎగిరి ఎటో దొర్లిపోయేది. పరుగెత్తేవాడు నవ్వుకుంటూ బండ చేరేవాడు.

"కండ్లు కనవడ్తలెవ్వా? బండ కాడ మనిషి నిలవడ్డడు గద?" అని నేను అరిచాను.

వాడు తల గోక్కున్నాడు. "ఉరికేది కనవడంగనే చెయ్యి గట్లనే పోతది సార్. గొర్రె తప్పిపోతాంటే దాని మీదికి ఎవలన్న రాయి ఇసురుతరా? తాకితే కుంటిదైతది. ముంగట పడేస్తే అదే మర్లుతది."

"మనిషి గొర్రె కాదురా."

"ఎర్కనే సార్. చెయ్యికే ఎర్క లేదు."

ఏడెనిమిదేళ్ల వయసు నుంచి వాడు నేర్చిన పని అది. మందలో ఏ జీవం పక్కకు తప్పుకున్నా దానికి దెబ్బ తగలకుండా, దాని ముక్కు ముందు రాయి పడాలి. నేను బండ మీద మట్టికుండ పెట్టించి కొట్టమన్నాను. వాడు మొదటి దెబ్బకే పగలగొట్టాడు. ఇంకోటి పెడితే అదీ పోయింది. కుండలు అయిపోయాయి గాని పని కాలేదు. మైదానంలో మనిషి కదిలాడంటే చాలు, బంతి వాడి కాళ్ల ముందే. వాడి మీద నేను అరిచినంత నా ఉద్యోగంలో మరెవరి మీదా అరవలేదు. వాడు ఎన్నడూ ఎదురు చెప్పలేదు, ఎన్నడూ మారలేదు.

మహబూబ్‌నగర్ వైపు ఒక బోర్డింగు బడిలో ఈ ఆట చాలా ఏళ్లుగా ఆడుతున్నారని పాదిరి చెప్పి ఉన్నాడు. వాళ్లకు కబురు పెడితే వస్తామన్నారు. ముఆయినా రోజు గురువారం పడింది. ఆ కాలంలో బడులకు సెలవు శుక్రవారం, కాబట్టి ఏదైనా సంబరం ఉంటే గురువారం సాయంత్రమే.

వాళ్లు బొగ్గు బస్సులో వచ్చారు. యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సు వెనక బొగ్గు పొయ్యి కట్టి నడిపేవాళ్లు. ఎక్కడ చిన్న ఎత్తు వచ్చినా అందరూ దిగి తోయాలి. వాళ్లు ముఖాలకు మసితోనే దిగారు గాని, మూటలు విప్పితే తెల్లటి బూట్లు, ఒకే రంగు చొక్కాలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క తోలు తొడుగు. మా పిల్లలు ఆ తొడుగుల వైపే చూస్తూ నిలబడ్డారు. నేను గట్టిగా దగ్గాను. అప్పుడు చూపు తిప్పుకున్నారు.

చెట్టు నీడన కుర్చీలు వేశారు. నడుమ ముహతమీం సాబ్, పక్కన సదర్ సాబ్, ముందు బల్ల మీద గాజు గ్లాసులో గులాబీలు. ఆ గులాబీలకు నీళ్లు మోసినవాళ్లు ఎదురుగా వట్టికాళ్లతో వరుసగా నిలబడి ఉన్నారు. బోర్డింగు బడివాళ్లతో వచ్చిన ఉపాధ్యాయుడే ఆటకు తీర్పరి. ఏడు వంతుల ఆట అనుకున్నాం. ఒక్కో వంతులో ఒక జట్టు కొడితే ఇంకో జట్టు పట్టాలి. ముగ్గురు ఔటయితే కొట్టేవాళ్ల వంతు ముగుస్తుంది. మేము ముందు కొట్టడం తీసుకున్నాం.

మొదట్లో మాకే బాగా సాగింది. మా మొరం నేల మీద వాళ్ల బూట్లు జారుతున్నాయి. మలుపు తిరిగేచోట ఒకరిద్దరు పడ్డారు. మావాళ్లు వేళ్లతో నేలను పట్టుకుని ఉరుకుతున్నారు. నాలుగో వంతు అయ్యేసరికి మూడు పరుగులు ముందున్నాం. మౌల్వీ సాబ్ కూడా కుర్చీ అంచుకు జరిగాడు.

ఐదో వంతులో నేను ఆరు నెలలుగా భయపడుతున్నదే జరిగింది. వాళ్లవాళ్లు ఇద్దరు సంచుల మీద ఉండగా ఒకడు బంతిని మూడో సంచి మీదుగా దూరం కొట్టాడు. మా కురుమ పిల్లవాడు మెరుపులా అందుకున్నాడు. ముందువాడు బండ వైపు పరుగెత్తుతున్నాడు, బండ దగ్గర హాస్టలు పిల్లవాడు తొడుగు చాచి ఉన్నాడు. బంతి పోయి పరుగెత్తేవాడి కాళ్ల ముందు పడి, పక్కకు ఎగిరి, బాయి దాకా దొర్లింది. ఇద్దరూ వచ్చి బండ తొక్కారు. కుర్చీల దగ్గర నవ్వులు వినిపించాయి. ముహతమీం సాబ్ పక్కకు వంగి ఏదో అడిగాడు. సదర్ సాబ్ నేల వైపు చూశాడు. మూడు పరుగుల ఆధిక్యం ఒక్కటికి దిగింది.

ఆ వంతు అయ్యాక కురుమ పిల్లవాణ్ని పిలిచాను.

"ఇగ చాలు. నువ్వు పోయి గోడ కాడ కూసో" అన్నాను.

వాడు కూర్చోలేదు, పోనూ లేదు. అరచేతులు చొక్కాకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు లేవు గాని ముఖం వాడిపోయింది. అప్పుడు హాస్టలు పిల్లవాడు తొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. మామూలుగా నాతో మాట్లాడాలంటేనే జంకేవాడు.

"సార్, వాణ్ణి ఉంచుండ్రి" అన్నాడు.

"ఎందుకు? మళ్ల గాడికే ఏస్తడు గద."

"ఏస్తడు సార్. గందుకే ఉంచుండ్రి. ఉరికేటోని ముంగట గజం దూరంలనే పడ్తది. ఎప్పుడన్న తప్పిందా? నేను బండ ఇడిసిపెట్టి జర ముంగటికి పోయి నిలవడ్త. ఎగిరిన బంతి నా చేతులకే వస్తది."

"బండ ఖాళీగ ఇడిసిపెడ్తవా? కట్టుబాటు గది కాదు."

"బండను ఎవలు ఎత్కపోతరు సార్? బంతి నా చేతుల ఉంటే వాడు బండకు ఎట్ల పోతడు?"

కురుమ పిల్లవాడు ఒక్కసారి హాస్టలు పిల్లవాడి ముఖం వైపు చూశాడు. నాకు ఆ ఇద్దరి మీదా కోపమే ఉంది, కాని కురుమ పిల్లవాడి స్థానంలో నిలబెట్టడానికి మరొకడు లేడు. సరే పొమ్మన్నాను. ఒప్పుకుని అన్న మాట కాదు, గతిలేక అన్న మాట.

ఆరో వంతులో ఇరువైపులా ఏమీ రాలేదు. ఏడో వంతులో మావాళ్లు ఎంత తన్నుకున్నా పరుగు రాలేదు. ఇంక వాళ్ల ఆఖరి వంతు. మాకు ఒక్క పరుగు ఆధిక్యం. వాళ్లలో ఇద్దరు ఔటయ్యారు. రెండో సంచి మీద వాళ్ల కెప్టెను ఉన్నాడు, వాళ్లందరిలోకీ పరుగు వాడిదే. వాడు బండ చేరితే ఆట సమం అవుతుంది. ఔటయితే గెలుపు మాది. సమం అయితే ఏమవుతుందో సదర్ సాబ్‌ను నేను అడిగి పెట్టుకోలేదు. ఆయన గెలవాలనే అన్నాడు.

మావాడు బంతి వేశాడు. వాళ్లవాడు కొట్టాడు. బంతి మళ్లీ అటే, మూడో సంచి మీదుగా. కెప్టెను బంతి కర్రకు తాకగానే బయలుదేరాడు. మూడో సంచిని తొక్కి మలుపు తిరిగాడు. అప్పుడు బండ దగ్గరున్న హాస్టలు పిల్లవాడు ముందుకు కదిలాడు. కుర్చీల్లోంచి చూసేవాళ్లకు వాడు భయపడి బండ వదిలి పారిపోతున్నట్టే ఉంది. ఎవరో "అరే, అరే" అన్నారు. నా నోటి దాకా కేక వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను.

కురుమ పిల్లవాడు బంతిని అందుకున్నాడు, చెయ్యి లేచింది. బంతి కెప్టెను తల పక్కగా వెనక నుంచి వచ్చి, వాడి కాళ్ల ముందు గజం దూరంలో నేలను కొట్టింది. ఎర్రటి దుమ్ము లేచింది. వాడి ఇన్నేళ్ల ఆటలో తన కాళ్ల ముందే బంతి అట్లా పడడం ఎన్నడూ జరిగి ఉండదు. అదిరిపడి ఆగబోయాడు. తెల్లబూట్లు మొరం మీద సర్రున జారాయి. కింద కూలబడి, వెనక్కి మర్లి మూడో సంచి వైపు లేవబోయాడు. ఎగిరిన బంతి నేరుగా హాస్టలు పిల్లవాడి తొడుగులోకి వచ్చింది. వాడు రెండడుగులు వేసి, కింద ఉన్నవాడి భుజాన్ని మెల్లగా తాకాడు. నిద్రపోయేవాణ్ని లేపినట్టుగా తాకాడు.

తీర్పరి పిడికిలి ఎత్తాడు. మా పిల్లలెవరూ అరవలేదు. హాస్టలు పిల్లవాడు తీర్పరి దగ్గరికి పోయి, "ఔటేనా సార్?" అని అడిగాడు. ఆయన ఔనన్నాడు. "ఆట అయిపోయినట్టేనా?" అని మళ్లీ అడిగాడు. ఆయన నవ్వి మళ్లీ ఔనన్నాడు. అప్పుడు వాడు తొడుగు తీసి ఆకాశంలోకి విసిరాడు. కురుమ పిల్లవాడు దూరం నుంచి ఉరికి వస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని కింద పడ్డారు. నాకు ఏడుపు వచ్చింది. దుమ్ము పడిందని చెప్పి ముఖం తుడుచుకున్నాను.

కుర్చీల దగ్గరికి పోయేసరికి ముహతమీం సాబ్ సదర్ సాబ్‌ను అడుగుతున్నాడు, మన పిల్లలు బూట్లు ఎందుకు వేసుకోలేదని.

"ఈ ఆటకు బూట్లు అవసరం లేదు హుజూర్. ఉరికే కాళ్లుంటే చాలు" అన్నాడు సదర్ సాబ్. ఆ మాట పాదిరిది. నేను ఆయనకు చెప్పినప్పుడు విననట్టే కూర్చున్నాడు. వెళ్లేముందు ముహతమీం సాబ్ గులాబీలను కూడా మెచ్చుకున్నాడు.

శనివారం బడి తెరిచేసరికి గోడమీద కొత్త టైంటేబులు అంటించి ఉంది. ఆటల పీరియడు గడిలో బేస్‌బాల్ అని ఉర్దూ అక్షరాల్లో సదర్ సాబ్ స్వదస్తూరీ. అయినా గంట కొట్టగానే పిల్లలు అలవాటుగా బాయి దగ్గరికే నడిచి, బాల్టీలు చేతికి తీసుకున్నారు. నేను పోయి ఒక్కొక్కరి చేతిలోంచి తీసి బోర్లించవలసి వచ్చింది.

కుర్ర పీఈటీలు ఈ కథలో నన్ను గొప్పవాణ్ని చేయాలని చూస్తారు. నేను చేసింది అరవడం. ఆరు నెలలు ఒక్క పిల్లవాడి చెయ్యి తిప్పాలని నేను గొంతు చించుకున్నాను. ఆ ఆరు నెలలూ రెండోవాడు ఊరకే చూసి, తాను గజం దూరం జరిగి నిలబడ్డాడు. వాళ్లిద్దరి ఇళ్ల మధ్య ఊరంతా ఉండేది. ఒకరి వాడలోకి ఒకరు పోయి ఎరుగరు. బంతి ఎక్కడ పడుతుందో మాత్రం ఇద్దరూ ఎరుగుదురు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి బడిలోనూ, ఒక పిల్లవాడు నేను చెప్పినట్టు చేయకపోతే వాణ్ని తిట్టేముందు వాడి పక్కవాణ్ని పిలిచి అడిగేవాణ్ని.

ఇంక గులాబీల సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఎండాకాలం బాయిలో నీళ్లు బాగా లోతుకు దిగాయి. నీళ్లు మోసేవాళ్లు లేక తోట ఒక పక్కనుంచి ఎండుతూ వచ్చింది. నాకు లోపల కొంత బాధగానే ఉండేది, కాని పైకి అనలేదు. అంటే మళ్లీ ఎవరి చేతికి బాల్టీ వస్తుందో తెలుసు. సదర్ సాబ్ కూడా ఆ మాట ఎత్తలేదు. ఇచ్చిన మాట మీద ఉన్నాడు.

ఒక సాయంత్రం పిల్లల ఆట ముగించి, సంచులు చుట్టి పెట్టి వస్తుంటే బాయి దగ్గర చప్పుడైంది. చూస్తే సదర్ సాబ్. షేర్వానీ చేతులు మోచేతుల దాకా మడిచి, బాల్టీతో తోట వైపు నడుస్తున్నాడు. అలవాటు లేని నడక, సగం నీళ్లు దారిలోనే ఒలుకుతున్నాయి. నేను ఉరికి పోయి బాల్టీకి చెయ్యి చాచాను.

"ఇటియ్యండి సాబ్" అన్నాను.

ఆయన బాల్టీని అటు చేతికి మార్చుకున్నాడు. "వద్దు మాస్టర్ సాబ్. గిది నా ఆట. మీ ఆట మీరు చూస్కోండ్రి" అన్నాడు.

ఆయన బూట్లు తడిసి ఎర్రటి బురదయ్యాయి. మర్నాటి నుంచి వాటిని విప్పి బాయి గట్టు మీద పెట్టి, వట్టికాళ్లతో మోశాడు.